కదలకుండా ఐదు నిమిషాలు: యిన్ యోగా కొత్తవారికి ఇచ్చేదేమిటి?

యోగా క్లాసు అనగానే సూర్య నమస్కారాలు, చెమట, మాస్టారు పెట్టే లెక్క గుర్తొచ్చేవారికి యిన్ యోగా తరగతి మొదట కొరుకుడు పడదు. గంటసేపు సాగే తరగతిలో వేసే ఆసనాలు ఆరో ఏడో. నిలబడి చేసేవి దాదాపు ఉండవు. కూర్చునో, బోర్లా పడుకునో, వెల్లకిలా పడుకునో ఒక భంగిమలోకి వెళ్లాలి. దిండ్లూ దుప్పట్లూ సర్దుకుని ఒళ్లు వదులు చేయాలి. ఇక మూడు నుంచి ఐదు నిమిషాలు కదలకూడదు. బాగా అలవాటైనవారు పది నిమిషాలు కూడా ఉంటారు. చూసేవారికి ఇందులో కష్టమేముందనిపిస్తుంది. రెండో నిమిషం దాటాక చేసేవారికి తెలుస్తుంది.

ఒళ్లు వంగనివారికి, వయసు మళ్లినవారికి, పగలంతా కుర్చీలో కూర్చునేవారికి, ఎన్నడూ యోగా జోలికి వెళ్లనివారికి ఇది తగిన మొదటి మెట్టని యిన్ యోగా గురువులు చెబుతారు. ఆ మాటలో నిజం ఉంది. అయితే దాంతోపాటు ఇంకెన్నో మాటలు ప్రచారంలోకి వచ్చాయి. కండరాలను చుట్టి ఉండే ఫాసియా పొర కరిగి సాగుతుందని, శరీరంలో పేరుకున్న విషాలు పోతాయని, తుంటి కీళ్లలో దాగిన దుఃఖం బయటపడుతుందని, నాడీమార్గాల్లో ప్రాణశక్తి పరుగులు తీస్తుందని అంటారు. ఈ మాటల్లో పరీక్షకు నిలిచేవి ఏవి, నిలవనివి ఏవి అని విడదీసి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. యిన్ యోగా వల్ల మేలు ఉంది. కానీ ఆ మేలు ఎక్కువగా కలిగేది కీళ్లలోనూ పొరల్లోనూ కాదు, సాగుదలను భరించడం నేర్చుకునే నాడీవ్యవస్థలో. ఈ తేడా తెలిసిన కొత్తవారు సాధనను మరోలా మొదలుపెడతారు, దెబ్బ తగలకుండా చేస్తారు.

కాలిఫోర్నియాలో పుట్టిన పద్ధతి

పేరు విని ఇది వేల ఏళ్లనాటి చైనా విద్య అనుకునేవారు చాలామంది. ఇప్పుడు స్టూడియోల్లో నేర్పుతున్న రూపానికి యాభై ఏళ్లు కూడా నిండలేదు. పాలీ జింక్ అనే అమెరికన్ యుద్ధవిద్యా నిపుణుడు 1970ల చివర కాలిఫోర్నియాలో తావో సంప్రదాయపు యోగా నేర్పడం మొదలుపెట్టారు. కోతి కదలికల మీద ఆధారపడిన కుంగ్‌ఫూలో ఆయన దిట్ట. ఆయన పద్ధతిలో జంతువుల్లా కదిలే భాగాలు, చురుకైన భాగాలు, నిశ్చలంగా ఎక్కువసేపు ఉండే భాగాలు అన్నీ ఉండేవి.

ఆయన దగ్గర 1980ల్లో చేరిన శిష్యుడు పాల్ గ్రిల్లీ. పరమహంస యోగానంద ఆత్మకథ చదివి యోగాలోకి వచ్చిన గ్రిల్లీకి శరీర నిర్మాణ శాస్త్రం మీద గట్టి మక్కువ. జింక్ నేర్పినదాంట్లో నిశ్చలమైన భాగాన్ని తీసుకుని దానికి రెండు తోడు చేర్చారు. ఒకటి అనాటమీ. రెండోది జపాన్‌కు చెందిన పరిశోధకుడు, షింటో పూజారి హిరోషి మొటొయామా బోధించిన మెరిడియన్ల సిద్ధాంతం, అంటే చైనా వైద్యం చెప్పే శక్తిమార్గాలు. గ్రిల్లీ శిష్యురాలు సారా పవర్స్ దీన్ని బౌద్ధ ధ్యానంతో కలిపారు. యిన్ యోగా అన్న పేరు స్థిరపడడంలో ఆమెది ముఖ్యపాత్ర. గ్రిల్లీ పుస్తకం 2002లో, పవర్స్ పుస్తకం 2008లో వచ్చాయి. కెనడాకు చెందిన బెర్నీ క్లార్క్ 2012లో సమగ్రమైన మార్గదర్శి రాశారు. ఈ ముగ్గురి రచనలతో ఇది ప్రపంచమంతా పాకింది.

భారతీయ యోగాతో దీనికి చుట్టరికం లేదనలేం. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో వర్ణించిన ఆసనాలు 15 మాత్రమే, వాటిలో ఎక్కువ భాగం కూర్చుని వేసేవే. ఘేరండ సంహితలో 32. ధ్యానానికి కదలకుండా కూర్చోగలగడమే నాటి ఆసనాల అసలు ఉద్దేశం. నిలబడి, ఒకదాని వెంట ఒకటిగా, వేగంగా సాగే ఆసనాల వరుసలు 20వ శతాబ్దంలో పెరిగాయి. ఆ లెక్కన యిన్ యోగా రూపంలో కొత్తదే అయినా, దాని స్వభావం పాత హఠయోగానికి మరీ దూరం కాదు.

ఆసనాలు కూడా మనకు తెలిసినవే. యిన్ యోగాలో బటర్‌ఫ్లై అనేది బద్ధకోణాసనానికి దగ్గరగా ఉంటుంది. క్యాటర్‌పిల్లర్ పశ్చిమోత్తానాసనం, స్ఫింక్స్ భుజంగాసనం, షూలేస్ గోముఖాసనం పోలికలో ఉంటాయి. 2025 జూన్ 21న విశాఖపట్నం సాగరతీరంలో 3 లక్షలమందికి పైగా కలిసి చేసిన ఉమ్మడి యోగా క్రమంలో భద్రాసనం, శశాంకాసనం, భుజంగాసనం ఉన్నాయి. దానికి ముందు జరిగిన యోగాంధ్ర శిక్షణలో వాటిని నేర్చుకున్నవారికి యిన్ యోగాలో ఆకారం కొత్తకాదు. అక్కడ కొన్ని శ్వాసలపాటు వేసి వదిలే ఆసనంలో ఇక్కడ నిమిషాల తరబడి ఉంటారు. అక్కడ తొడలు బిగించి వెన్ను నిటారుగా నిలుపుతారు, ఇక్కడ కండరాల పట్టు సడలించి శరీరపు బరువునే పని చేయనిస్తారు.

ఒళ్లు నిజంగా సాగుతుందా?

కొత్తవారిలో ఎక్కువమంది వచ్చేది దీనికోసమే. నాలుగైదు వారాలు క్రమం తప్పకుండా చేసినవారు ముందుకంటే ఎక్కువ వంగగలుగుతారు. ఇందులో వివాదం లేదు. ఎలా వంగగలుగుతున్నారన్న దగ్గరే ప్రచారానికీ పరిశోధనకూ పొసగదు.

కండరం పొడుగు పెరగడం వల్లే వంగుతున్నామని చాలాకాలం అనుకున్నారు. ఈ అంశం మీద వచ్చిన అధ్యయనాలను వెప్లర్, మాగ్నుసన్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో ఒకచోట చేర్చి పరిశీలించారు. కొన్ని వారాల సాధనతో వచ్చే మార్పులో ప్రధాన భాగం కండరం పొడుగులో లేదని, సాగుదలను భరించే శక్తిలో ఉందని వారు వాదించారు. మొదటిరోజు తొడ వెనక కండరం లాగగానే నాడీవ్యవస్థ ప్రమాదమని హెచ్చరిస్తుంది. అదే లాగుడు నెమ్మదిగా, హాని లేకుండా పదేపదే ఎదురైతే ఆ హెచ్చరిక ఆలస్యంగా మోగుతుంది. అంతవరకు ఆపేసిన చోటు దాటి శరీరం ఇంకొంచెం వెళ్లడానికి ఒప్పుకుంటుంది.

యిన్ యోగా పద్ధతికి ఈ వివరణ చక్కగా సరిపోతుంది. మెల్లగా వెళ్లడం, లాగుడు మొదలైన మొదటి హద్దు దగ్గరే ఆగడం, ఊపిరి మీద మనసు పెట్టడం, కుదుపులు లేకపోవడం అన్నీ నాడీవ్యవస్థకు భరోసా ఇచ్చేవే. ఐదు నిమిషాలు ఉంటేనే ఫలితం అన్నమాటకు మాత్రం ఇంత బలం లేదు. తొడ వెనక కండరాల మీద బ్యాండీ బృందం 1997లో ప్రచురించిన పరీక్షలో వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు సాగదీయించారు. 30 సెకన్లు ఉంచినవారికీ 60 సెకన్లు ఉంచినవారికీ ఫలితంలో తేడా రాలేదు. ఒక్కో విడత ఎంత పొడుగన్నదానికన్నా వారం మొత్తంలో ఎన్నిసార్లు చేశారన్నది ముఖ్యమని తర్వాతి సమీక్షలు కూడా చెప్పాయి. కాబట్టి వంగడం ఒక్కటే లక్ష్యమైతే వారానికోసారి గంటన్నర తరగతి కన్నా రోజూ ఇంట్లో పది నిమిషాలు చేయడం మేలు.

ఫాసియా మాట

చర్మం కింద, కండరాల చుట్టూ, వాటి లోపల కూడా అల్లుకుని ఉండే సంధాయక కణజాలమే ఫాసియా. ఒకప్పుడు అనాటమీ విద్యార్థులు శవచ్ఛేదన బల్ల మీద దీన్ని కోసి పక్కన పడేసేవారు. 2007లో బోస్టన్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ ఫాసియా పరిశోధన మహాసభ తర్వాత దీని మీద శ్రద్ధ పెరిగింది. ఇందులో నరాల కొనలు దండిగా ఉంటాయని, నొప్పి తెలియడంలో దీని పాత్ర ఉందని ఇప్పుడు తెలుసు. కణజాలాన్ని మెల్లగా సాగదీసినప్పుడు అందులోని ఫైబ్రోబ్లాస్ట్ కణాల ఆకారం మారుతుందని అమెరికా శాస్త్రవేత్త హెలీన్ లాంజ్‌విన్ బృందం ప్రయోగాల్లో చూపింది. సాగదీతకు కణాలు స్పందిస్తాయనడానికి ఇది మంచి ఆధారం.

అయితే కణం స్పందించడం వేరు, పొర శాశ్వతంగా సాగిపోవడం వేరు. చౌధ్రి బృందం 2008లో గణిత నమూనాతో లెక్క కట్టింది. తొడ బయటివైపు ఉండే దళసరి ఫాసియాను, అరికాలి ఫాసియాను ఒక్క శాతం నొక్కి రూపు మార్చాలన్నా మనిషి చేతులు పెట్టగలిగిన బలం చాలదని తేలింది. ఆ లెక్క మర్దన చికిత్స కోసం వేసింది. అయినా దిండు మీద వాలి ఐదు నిమిషాలు ఉంటే ఆ పొరలు కరిగిపోతాయన్న మాటను నమ్మకుండా ఉండడానికి అది చాలు. లాగి ఉంచినప్పుడు కణజాలం కాస్త సాగడం నిజమే. వదిలాక కొద్దిసేపటికే అది మునుపటి స్థితికి వస్తుంది.

పళ్లకు క్లిప్పులు వేస్తే గట్టి ఎముకలోనే పళ్లు జరుగుతాయి కదా, అలాగే కొద్దిపాటి ఒత్తిడి ఎక్కువసేపు ఉంచితే కీళ్ల చుట్టూ ఉన్న లిగమెంట్లు కూడా మారతాయని గ్రిల్లీ చెబుతారు. ఆలోచన పదునైనదే. కానీ క్లిప్పులు రోజంతా, నెలల తరబడి పని చేస్తాయి. యిన్ యోగాలో ఒక కీలు మీద ఒత్తిడి ఉండేది రోజుకు ఐదు నిమిషాలు. అందుకే ఈ పోలిక సగం దూరమే వెళ్తుంది. అదీకాక లిగమెంట్లు ఉన్నది కీలును పట్టి ఉంచడానికి. అవి నిజంగా సాగిపోతే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

ఎవరి ఎముక వారిదే

గ్రిల్లీ బోధనలో అన్నిటికన్నా విలువైన భాగం ఇంకొకటి ఉంది. కొత్తవారికి చెప్పాల్సిన మొదటి పాఠం అదే. ఆయన రకరకాల మనుషుల తొడ ఎముకలను, కటి ఎముకలను పక్కపక్కన పెట్టి చూపిస్తారు. తొడ ఎముక మెడ ఒకరిలో ముందుకు తిరిగి ఉంటుంది, ఇంకొకరిలో అంత తిరగదు. తుంటి గిన్నె ఒకరికి పక్కకు తెరుచుకుంటే మరొకరికి ముందుకు తెరుచుకుంటుంది. బద్ధకోణాసనంలో మోకాళ్లు నేలకు ఆనకపోవడానికి కండరాలు బిగుసుకోవడం ఒక కారణం కావచ్చు, ఎముకకు ఎముక తగలడం మరో కారణం కావచ్చు. మొదటిది సాధనతో మారుతుంది. రెండోది ఎన్నేళ్లు చేసినా మారదు, బలవంతం చేస్తే కీలు దెబ్బతింటుంది.

అలవాట్లు కూడా ఎముక మీద గుర్తు వేస్తాయని మన ఉపఖండంలోనే చూశారు. 19వ శతాబ్దం చివర లాహోర్‌లో పనిచేసిన హేవ్‌లాక్ చార్లెస్, పంజాబీల కాలి ఎముకల మీద గొంతుకూర్చునే అలవాటు వల్ల ఏర్పడిన నున్నటి ముఖాలను వర్ణించాడు. 1959లో ఇందర్‌బీర్ సింగ్ భారతీయుల చీలమండ ఎముకల మీద అవే గుర్తులను పరిశీలించి ప్రచురించారు. పొయ్యి ముందు, నాట్ల దగ్గర, బావి గట్టున గొంతుకూర్చుని బతికిన తరాలకు చీలమండ, మోకాలు, తుంటి పూర్తిగా మడవడం రోజువారీ పని.

తెలుగు ఇళ్లలో ఆ పని రెండు తరాల్లోనే తగ్గిపోయింది. పీట మీద బాసింపట్టు వేసుకుని భోంచేసిన తాత మనవడు డైనింగ్ టేబుల్ దగ్గర తింటాడు, కమోడ్ వాడతాడు, మాదాపూర్‌లోనో డల్లాస్‌లోనో రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో ఉంటాడు. వ్రతానికో పెళ్లి పీటల మీదకో అరగంట కింద కూర్చోవాల్సి వస్తే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడుము వంగిపోతుంది. ఇలాంటివారికి యిన్ యోగా కొత్త విన్యాసమేమీ నేర్పదు. పోగొట్టుకున్న కూర్చునే భంగిమలను మళ్లీ పరిచయం చేస్తుంది. కొత్తవారికి దీనివల్ల కలిగే మేలుల్లో కంటికి ముందు కనిపించేది ఇదే.

ఇక్కడే ఒక హద్దు కూడా గుర్తుపెట్టుకోవాలి. బ్రెజిల్‌లో 51 నుంచి 80 ఏళ్ల వయసున్న 2,002 మందిని నేలమీద కూర్చుని లేవమని పరీక్షించిన అధ్యయనం 2012లో వెలువడింది. చేతుల ఆసరా తక్కువగా తీసుకుని లేచినవారు ఆ తర్వాతి ఏళ్లలో ఎక్కువమంది బతికి ఉన్నారు. కింద కూర్చోవడానికి ఒళ్లు వంగితే చాలు. లేవడానికి తొడల్లో బలం, తూకం కూడా కావాలి. ఆ రెండూ యిన్ యోగా ఇవ్వదు.

ఒత్తిడి, నిద్ర

యిన్ యోగా పేరుతోనే జరిగిన పరీక్షలు తక్కువ. వాటిలో పేర్కొనదగినది స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసి 2018లో ప్రచురించినది. ఒత్తిడిలో ఉన్న 105 మంది పెద్దలను మూడు జట్లుగా విభజించారు. ఒక జట్టు ఐదు వారాలు యిన్ యోగా చేసింది. రెండో జట్టు యిన్ యోగాతోపాటు ధ్యానం, ఒత్తిడిని అర్థం చేసుకునే పాఠాలు నేర్చుకుంది. మూడో జట్టు ఏమీ చేయలేదు. సాధన చేసిన రెండు జట్లలోనూ ఆందోళన, కుంగుబాటు, నిద్ర ఇబ్బందులు తగ్గాయి. రక్తంలో అడ్రినోమెడులిన్ అనే పదార్థం కూడా తగ్గింది. దాని స్థాయి పెరగడానికీ గుండె రక్తనాళాల జబ్బులకూ సంబంధం ఉంది.

మంచి వార్తే. కానీ పోల్చిన జట్టు ఏమీ చేయని జట్టు. అదే సమయం నడకకు వెళ్లినా, నిశ్శబ్దంగా పడుకుని సంగీతం విన్నా ఇంతే మేలు జరిగేదా అన్నది ఈ పరీక్ష చెప్పదు. ఐదు వారాల తర్వాత ఏళ్ల తరబడి ఆ మేలు నిలుస్తుందా అన్నదీ చెప్పదు.

మేలు కలిగే తీరును మాత్రం ఊహించవచ్చు. నెమ్మదిగా, వదిలే ఊపిరి పొడుగ్గా ఉండేలా శ్వాసిస్తే గుండె వేగం తగ్గుతుంది, విశ్రాంతిని నడిపే పారాసింపథెటిక్ నాడీవ్యవస్థ పైచేయి అవుతుంది. పైగా యిన్ యోగా ధ్యానానికి ఒక ఆసరా ఇస్తుంది. కళ్లు మూసుకుని ఊరికే కూర్చోమంటే కొత్తవారి మనసు నిమిషంలో ఆఫీసు మెయిళ్ల దగ్గరికి పరుగెడుతుంది. తొడలో ఓ మోస్తరు లాగుడు ఉన్నప్పుడు మనసుకు నిలవడానికి ఒక చోటు దొరుకుతుంది. అసౌకర్యం వచ్చింది, ప్రమాదం లేదు, ఉండగలను, తగ్గుతోంది అని గమనించడం అలవాటవుతుంది. మఠం వేసుకుని ధ్యానం చేయడం తమ వల్ల కాదని వదిలేసినవారు చాలామంది యిన్ యోగాలో కుదురుకోవడానికి ఇదొక కారణం.

కొందరికి ఆ నిశ్శబ్దంలో కన్నీళ్లు వస్తాయి. రోజంతా తొక్కిపెట్టిన బాధ తీరిక దొరికినప్పుడు పైకి రావడం సహజం. దాన్ని బట్టి తుంటి కండరాల్లో దుఃఖం నిల్వ ఉంటుందనడానికి ఆధారం లేదు. మెలితిప్పే ఆసనాలతో విషాలు పిండి బయటికి పంపవచ్చన్నదీ అంతే. ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి. మెరిడియన్ల విషయానికొస్తే, అవి చైనా వైద్య సంప్రదాయంలో ఒక ఆలోచనా పటం. నరం, రక్తనాళం లాగా వాటికి ప్రత్యేకమైన నిర్మాణం శరీరంలో ఉన్నట్టు ఎవరూ నిరూపించలేదు. ఏ ఆసనంలో ఏ భాగం మీద గమనిక పెట్టాలో చెప్పే పద్ధతిగా గురువులు దాన్ని వాడుకోవచ్చు. మూత్రపిండాల జబ్బుకో కాలేయ వ్యాధికో ఫలానా ఆసనం మందు అన్నప్పుడు అది హద్దు దాటినట్టే.

నడుమునొప్పి మాటేమిటి?

దీర్ఘకాలపు నడుమునొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగిన మార్గాల్లో యోగాను కూడా అమెరికా వైద్యుల కళాశాల 2017లో తన మార్గదర్శకాల్లో చేర్చింది. ఆ సిఫారసుకు ఆధారమైన పరీక్షల్లో ఎక్కువ భాగం వినియోగ, అయ్యంగార్ వంటి పద్ధతుల మీద జరిగినవి. యిన్ యోగాకు వాటిని నేరుగా వర్తింపజేయడం కుదరదు.

షెర్మన్ బృందం 2011లో ప్రచురించిన పరీక్ష కొత్తవారు తెలుసుకోదగినది. నడుమునొప్పి ఉన్న 228 మందిలో కొందరికి యోగా, కొందరికి మామూలు సాగదీత వ్యాయామాలు నేర్పారు. మిగిలినవారికి స్వయంసహాయక పుస్తకం ఇచ్చారు. పుస్తకం చదివినవారికన్నా మిగతా రెండు జట్లూ బాగుపడ్డాయి. యోగాకూ సాగదీతకూ మధ్య మాత్రం తేడా కనిపించలేదు. శ్రద్ధగా, క్రమంగా శరీరాన్ని కదిలించి సాగదీయడమే అసలు మందు అయి ఉండవచ్చని దీన్నిబట్టి అనిపిస్తుంది. ఆ శ్రద్ధను, క్రమాన్ని యిన్ యోగా ఇష్టంగా చేయించగలిగితే ఆ మేరకు అది పనికొచ్చినట్టే.

జాగ్రత్త పడాల్సినవారు

నెమ్మదిగా చేసేది కాబట్టి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. కండరాలు సడలించి కీలును చివరిహద్దు దాకా తీసుకెళ్లి అక్కడే ఉంచడంలో దానికి తగిన ప్రమాదాలు ఉన్నాయి.

మొదటిది నరాల ఒత్తిడి. ఎక్కువసేపు మోకాళ్ల మీద మడమలపై కూర్చున్న ఒక యువకుడికి పాదం వాలిపోయిన సంగతిని చుసిడ్ అనే వైద్యుడు 1971లో అమెరికా వైద్య పత్రికలో రాశారు. ఆ కుర్రాడు కూర్చున్నది గంటల తరబడి. ఐదు నిమిషాల్లో అంత కాదు. అయినా ఆసనంలో తిమ్మిరి మొదలైతే అది సాధన ఫలితం కాదు, బయటికి రమ్మన్న సూచన. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఆ సూచన కూడా సరిగా అందదు. వారు వజ్రాసనం తరహా భంగిమల్లో ఎక్కువసేపు ఉండకూడదు.

రెండోది ఎముకల బలహీనత. మెనోపాజ్ తర్వాత ఎముకలు గుల్లబారిన 59 మంది స్త్రీల మీద సినాకీ, మికెల్సన్ 1984లో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ హెచ్చరికగా నిలిచింది. ముందుకు వంగే వ్యాయామాలు చేసినవారిలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా దెబ్బతిన్నాయి. వెనక్కి వంగే వ్యాయామాలు చేసినవారిలో ఆ సంఖ్య 16 శాతం. యిన్ యోగాలో ముందుకు వంగే ఆసనాలన్నిటిలో వెన్ను గుండ్రంగా వదిలేస్తారు. ఆస్టియోపొరోసిస్ ఉన్న పెద్దవారు వాటిని మానాలి. వెల్లకిలా పడుకుని కాళ్లు గోడకు ఆనించడం, స్ఫింక్స్‌లో కొద్దిసేపు ఉండడం వైద్యుల సలహాతో చేయవచ్చు.

మూడోది మరీ ఎక్కువ వంగే ఒళ్లు. బొటనవేలు ముంజేతికి తాకేవారు, మోచేతులు, మోకాళ్లు వెనక్కి వంగేవారు ఈ తరగతుల్లో మెరిసిపోతారు. వైద్యులు దీన్ని తొమ్మిది మార్కుల బైటన్ కొలతతో చూస్తారు. వీరికి కావాల్సింది ఇంకా సాగడం కాదు, కీళ్ల చుట్టూ బలం. గర్భిణుల్లో హార్మోన్ల వల్ల లిగమెంట్లు వదులవుతాయి కనుక వారు కూడా హద్దుకు చాలా ముందే ఆగాలి. తుంటి మార్పిడి చేయించుకున్నవారు సర్జన్‌ను అడగకుండా లోతుగా వంగకూడదు. గ్లకోమా ఉన్నవారు తల కిందికి ఉండే ఆసనాలు వేయకూడదు, కంటిలో ఒత్తిడి పెరుగుతుంది.

ఆటగాళ్లకూ ఒక మాట. ఒక కండరాన్ని నిమిషానికి మించి సాగదీసి ఉంచితే ఆ వెంటనే దాని బలం కొంత తగ్గుతుందని పలు సమీక్షలు చెప్పాయి. కాబట్టి పరుగుకు, బ్యాడ్మింటన్‌కు ముందు యిన్ యోగా చేయకూడదు. సాయంత్రం ఆట అయ్యాక, లేదా పడుకునే ముందు సరైన సమయం.

మొదలుపెట్టేవారికి ఒక క్రమం

ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. ఒక చాప, రెండు దిండ్లు, ఒక బాలీసు, రెండు మందపాటి దుప్పట్లు, ఫోనులో టైమర్ చాలు. అరగంటలోపు ముగిసే క్రమంతో మొదలుపెట్టవచ్చు.

ముందుగా బటర్‌ఫ్లై మూడు నిమిషాలు: మడతపెట్టిన దుప్పటి అంచున కూర్చుని అరికాళ్లు కలిపి, మోకాళ్ల కింద దిండ్లు పెట్టుకుని, కొద్దిగా ముందుకు వాలాలి. తర్వాత బోర్లా పడుకుని మోచేతుల మీద లేచే స్ఫింక్స్ రెండు నిమిషాలు. నడుములో చురుక్కుమంటే మోచేతులు ఇంకా ముందుకు జరపాలి. దాని తర్వాత ఒళ్లో బాలీసు పెట్టుకుని శశాంకాసనం రెండు నిమిషాలు. మోకాళ్ల కింద దుప్పటి చుట్ట పెట్టుకుని, కాళ్లు చాపి ముందుకు వాలే క్యాటర్‌పిల్లర్ మూడు నిమిషాలు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఒక పక్కకు వాల్చి మెలితిరగడం ఒక్కో వైపు రెండు నిమిషాలు. చివర శవాసనం ఐదు నిమిషాలు. ప్రతి ఆసనం తర్వాత వెంటనే లేవకుండా అర నిమిషం వెల్లకిలా ఉండాలి.

ఎంత లోతుకు వెళ్లాలన్నది గురువు కళ్లు చెప్పలేవు, చేసేవారి శరీరమే చెప్పాలి. లాగుడును పదికి మార్కులు వేస్తే నాలుగు దగ్గర ఆగాలి. ఊపిరి బిగబట్టాల్సి వస్తోందంటే ఎక్కువ దూరం వెళ్లినట్టు. కండరం మధ్యలో మొద్దుగా, పరుచుకున్నట్టు ఉండే లాగుడు ఫరవాలేదు. కీలులోపల పొడిచినట్టున్నా, మంటగా ఉన్నా, కరెంటు పాకినట్టున్నా, తిమ్మిరెక్కినా వెంటనే రావాలి. కదలకూడదన్న నియమం నొప్పిని భరించమని చెప్పదు. వీపు మీద చెయ్యి వేసి ఇంకా కిందికి నొక్కే గురువుల దగ్గర కొత్తవారు ఉండకపోవడమే మంచిది.

వారానికి మూడు నాలుగుసార్లు ఇలా చేస్తూనే మిగతా వ్యాయామం కొనసాగించాలి. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. యిన్ యోగా ఈ రెండు లెక్కల్లో దేనికీ రాదు. గుండె వేగం పెంచదు, కండరం పెంచదు. మధుమేహం, అధిక బరువు ఉన్నవారు నడక మానేసి దీన్ని పట్టుకుంటే నష్టపోతారు. నడకకు, బరువులకు, సూర్య నమస్కారాలకు తోడుగా చేసినప్పుడే దీని విలువ తెలుస్తుంది.

మిగిలిన ప్రశ్న

మొత్తం మీద చూస్తే కొత్తవారికి యిన్ యోగా నుంచి మూడు మేళ్లు ఆశించడం న్యాయం. కొన్ని వారాల్లో తుంటి, నడుము, తొడల కదలిక మెరుగవుతుంది. ఒత్తిడి, నిద్ర విషయంలో కొంత ఊరట దొరకవచ్చు. కదలకుండా ఉండి శరీరాన్ని గమనించే నేర్పు వస్తుంది. మొదటిదానికి సాగదీత పరిశోధన మొత్తం దన్నుగా ఉంది. రెండోదానికి ఆధారం ఉన్నా పలుచనిది. మూడోదానికి కొలతలు తక్కువ, కానీ చేసేవారు పదేపదే చెప్పేది అదే. ఫాసియా కరగడం, విషాలు పోవడం, అవయవాల జబ్బులు నయం కావడం ఈ జాబితాలో చేరవు.

ఇప్పుడు కావాల్సింది సరైన పోటీ ఉన్న పరీక్ష. ఒక జట్టు యిన్ యోగా చేయాలి. ఇంకో జట్టు అన్ని నిమిషాలే మామూలు సాగదీత చేయాలి. మూడో జట్టు అంతసేపూ శవాసనంలో పడుకోవాలి. ఆరు నెలల తర్వాత నిద్ర, నడుము, నేలమీద కూర్చుని లేవగలగడం మూడింటినీ కొలవాలి. దిండు, దుప్పటి తప్ప ఖర్చులేని ఈ పరీక్షను హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో పగలంతా కుర్చీకి అతుక్కున్న ఉద్యోగుల మీద చేయడం మన వైద్య కళాశాలలకు, యోగా విభాగాలకు పెద్ద కష్టం కాదు. అంతవరకు కొత్తవారు తమ మీద తామే ఓ చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. మొదటి వారంలో బాసింపట్టు వేసుకుని ఎంతసేపు కూర్చోగలిగారో, పడుకున్నాక నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకుని, ఎనిమిదో వారంలో మళ్లీ చూసుకోవాలి. అంకెలు మెరుగైతే కొనసాగించాలి. మెరుగుకాకపోతే అదే అరగంటను నడకకో బలమిచ్చే వ్యాయామానికో ఇవ్వాలి. తుంటిలోనో నడుములోనో కొత్త నొప్పి మొదలైతే ఆపి వైద్యుణ్ణి కలవాలి.